మంచి బూజు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పినా విని ఊరుకుంటారన్న నమ్మకం అంతకన్నా లేదు. ఏళ్ళ తరబడి ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. డ్యూటీకి వెళితే నాతో వచ్చింది. భోజనానికి కూర్చుంటే పక్కనే కూర్చుంది. రిటైరైతే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇప్పుడు దానికీ నాకూ తీరిక ఎక్కువైంది.

చేసింది చిన్న పనేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఒక నారుమడిలో కుండెడు నీళ్ళు పోశాను. ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇంట్లోనూ దూరలేదు. నీళ్ళే కదా? అలా అడుగుతూ ఉంటే ఎవరో ఒకరు అవునంటారేమోనని చూశాను. అడిగేదీ నేనే, జవాబు చెప్పాల్సిందీ నేనే. ఒక్కసారి కూడా అవునని అనలేకపోయాను.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేశాను. మా తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడ కలాసీగా చేరాడు. మా నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడే చేసి, ఇక్కడే పోయాడు. నాకు మాత్రం పుట్టుకతోనే అనుమానం జాస్తి. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసేవాణ్ణి. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేవాణ్ణి. పెళ్ళినాడు తాళి కట్టాక కూడా ముడి లాగి చూశానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంది. షాపులో మాత్రం ఈ గుణమే నాకు పేరు తెచ్చింది. ఇంకొకడు బిగించిన బోల్టును నేను నమ్మను. మళ్ళీ స్పానర్ పెట్టి చూడందే వ్యాగన్ వదలను. కొత్తగా చేరినవాళ్ళకు మా ఫోర్‌మన్ నన్ను చూపించి, పనివాడంటే ఇలా ఉండాలి అనేవాడు. అనుమానం మంచిదేనని నేను అలా నేర్చుకున్నాను.

మా క్వార్టర్లు పూరీ గేట్ దగ్గర. ఇళ్ళ వెనక మురుగు కాలవ దాకా కొంచెం జాగా ఉండేది. ఎర్ర మొరం నేల. పేడ ఎరువు వేసి వేసి దాన్ని దారికి తెచ్చుకున్నాం. ఇంటికొక ముక్క చొప్పున వంగ, టమాటా, మిరప వేసుకునేవాళ్ళం. మా ఇళ్ళ వరసలో ఒక పద్ధతి ఉండేది. నారు ఎవరికి వాళ్ళు పోసుకోరు. ఒక ఇంటివాళ్ళు అందరికీ కలిపి పోస్తారు. మిగతావాళ్ళు విత్తనాలు, ఎరువు, పొయ్యి బూడిద తెచ్చి ఇస్తారు. నారు ఎదిగాక ఒక సాయంత్రం ఆడవాళ్ళంతా పళ్ళేలు పట్టుకుని వస్తే, నారు పోసినవాడు తన చేత్తో పీకి, కట్టలు కట్టి, ఒక్కొక్కరి పళ్ళెంలో పెడతాడు. మా నాన్న తరవాత ఆ పని నాది. వర్క్‌షాపులో నేను వందల మందిలో ఒకణ్ణి. ఆ సాయంత్రం మాత్రం వరసంతా నా చేతివైపు చూసేది. ఆ చూపు నాకెంత ఇష్టమో అది పోయేదాకా నాకు తెలియలేదు.

ఎనభైల నడుమ మా మడికి తెగులు తగిలింది. మొలకలు బాగానే లేచేవి. తరవాత మెడ దగ్గర నీళ్ళు పట్టినట్టు మెత్తబడి, ఉన్నవి ఉన్నట్టే పక్కకు పడిపోయేవి. బతికిన నారు తీసుకెళ్ళి నాటుకుంటే, పూత వేళకు మొక్క వడలిపోయేది. పీకి చూస్తే వేరు గోధుమరంగులో కుళ్ళి, తోలు ఊడి వచ్చేది. మొదటి ఏడు ఎండ అన్నాం. రెండో ఏడు విత్తనం అన్నాం. మూడో ఏడు ఎవరూ ఏమీ అనలేదు, నా మడివైపు చూశారు. నేను మైలుతుత్తం, అదే నీలంగా ఉండే తెగులు మందు, సున్నంతో కలిపి పోశాను. కొంత ఆగింది, మళ్ళీ వచ్చింది. అసలు తప్పేమిటంటే, మా నాన్న పోసిన చోటే, అదే మట్టిలో, ఏటేటా నేనూ పోస్తున్నాను. తెగులును మట్టిలో దాచిపెట్టి, కట్టలు కట్టి ఇంటింటికీ పంచింది నేనే. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు యేసోబు గురించి చెప్పాలి. మా పక్క క్వార్టరు. మా వర్క్‌షాపులోనే, పెయింట్ షాపులో పని. వాళ్ళు క్రైస్తవులు, మాలాగే తాతల నాడు ఇటు వచ్చినవాళ్ళు. అతని భార్య సంతోషమ్మ నన్ను అన్నయ్యా అనేది, కాబట్టి అతను నాకు బావ, నేను అతనికి బావ. మహా మాటకారి. గొప్పలు చెప్పడంలో అతనికి అడ్డూ ఆపూ లేదు. పిల్లకాలవలో వేలెడు చేప పట్టినా, ఇల్లు చేరేసరికి అది మోచెయ్యంత అయ్యేది. కాని చెయ్యి పెద్దది. ఇంట్లో ఏది వండినా గోడ మీదుగా మాకు గిన్నె వచ్చేది.

సెలవు రోజుల్లో యేసోబు హిజ్లీకి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, అక్కడి కాలేజీ ఆవరణలో ఒక బెంగాలీ దాదా ఇంటికి రంగులు వేసేవాడు. దాదా అంటే ఇక్కడ అన్న అని. ఆయన మట్టిలో ఉండే బూజుల మీద పరిశోధన చేసే మనిషి. మా మడి కష్టం యేసోబు నోట విని, ఉడకబెట్టిన గోధుమల మీద పెంచిన పచ్చటి బూజును ఒక గాజు సీసాలో పెట్టి ఇచ్చాడట. దాన్ని ఎరువులో కలిపి, నీడలో, తడి గోనెపట్టా కింద కొన్నాళ్ళు మగ్గబెట్టి మడిలో వెయ్యమన్నాడట. అది చెడ్డ బూజును తినేసే మంచి బూజట. వేరు చుట్టూ కాపలా కాస్తుందట. యేసోబు ఆ సీసాను వరసలో ఇంటింటికీ తిప్పి చూపించాడు. దీనితో వంకాయకు రుచి కూడా వస్తుందని తన సొంత మాట ఒకటి కలిపాడు.

నేను మూత తీసి వాసన చూశాను. కొబ్బరి వాసన. బూజుకు కొబ్బరి వాసనేమిటి? అప్పుడే నాకు అనుమానం మొదలైంది. బూజు బూజును తింటుంది, సరే. అది తినడం అయిపోయాక ఏం తింటుంది? వేరును తినదా? ముక్కూ మొహం తెలియని మా మీద ఆ దాదాకు ఇంత ప్రేమ ఎందుకు? తన పొలంలో వేసి చూసుకోక మా మడిలో వెయ్యమంటున్నాడంటే, చెడిపోతే మాదే చెడిపోతుందనా? ఇవన్నీ కుళాయి దగ్గర నలుగురికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి నారు యేసోబు పోస్తాడు అన్నారు. నన్ను వద్దని ఎవరూ అనలేదు. అనకుండానే పని జరిగిపోయింది.

అతను తన ఇంటి వెనక కొత్త చోట మడి కట్టాడు. చుట్టూ ఇటుకలు పేర్చాడు. గోనెపట్టా కింద ఎరువంతా పచ్చబడితే పిల్లాడిలా సంబరపడి నన్ను లాక్కెళ్ళి చూపించాడు. విత్తనాలు చల్లాడు. నారు లేచింది. నేను రోజూ గోడ మీంచి చూసేవాణ్ణి. ఇవాళ పడిపోతుంది, రేపు పడిపోతుంది అని. ఇలాంటి బూజుతో ఆటలు కూడదని, ఏదో ఒకటి చేసి వరసను కాపాడాలని నాకు అనిపించింది. బూజును చంపితే నారు దక్కుతుంది. మైలుతుత్తం బూజును చంపుతుంది. నాకు తెలిసిన లెక్క అది.

ఒక ఆదివారం పొద్దున యేసోబు వాళ్ళు చర్చికి వెళ్ళారు. వరసలో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు మిగతావాళ్ళంతా చేరారు. నేను మట్టికుండలో మైలుతుత్తం కలిపాను. ఇనప బకెట్లో కలిపితే బకెట్టు పాడవుతుంది, అందుకని కుండ. సున్నం కలపలేదు. పట్టపగలే గోడ దాటాను. మడి అంతా తడిసేలా పోసి, గోడ దాటి, చేతులు కడుక్కుని, వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాను. మా ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది.

తరవాత ఒకటి రెండు రోజుల్లోనే నారంతా ఆకుల అంచులు మాడి, తలలు వాల్చేసింది. ఒక్క మొక్క మిగల్లేదు.

ఇక్కడ ఆగుతున్నాను. పైన రాసింది మళ్ళీ చదువుకున్నాను. మీకు అబద్ధం చెప్పాను. పేరు లేకుండా రాస్తూ, ముఖం తెలియని మీకు చెబుతూ కూడా అబద్ధమే చెప్పాను. చూశారా, ఇదీ నా సంగతి.

వరసను కాపాడాలనుకున్నానని రాశాను. కాదు. ఆ ఆదివారానికి ముందే ఒకరోజు, యేసోబు డ్యూటీలో ఉండగా, నేను ఆ మడిలోంచి కొన్ని మొక్కలు పీకి చూశాను. తాళం లాగి చూసే అలవాటు ఊరికే పోతుందా? వేళ్ళు చూశాను. తెల్లగా ఉన్నాయి. దుబ్బుగా, పీచు పీచుగా, మట్టిని పట్టుకుని వదలకుండా ఉన్నాయి. మా నాన్న రోజుల్లో కూడా అలాంటి వేరు నేను చూడలేదు. ఆ బూజు మంచిదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మా వరసలో యేసోబు కన్నా నాకే బాగా తెలిసింది. అతను నమ్మాడు, అంతే. నేను కళ్ళారా చూశాను. ఇక అనుమానం ఎక్కడిది? అనుమానం ఆ రోజే చచ్చిపోయింది. దాని పేరు చెప్పుకుని ఇంకొకటి నాలో బతికింది. పళ్ళేలు పట్టుకుని ఆడవాళ్ళు పక్క ఇంటి వెనక్కి వెళతారు, నేను గోడ ఇవతల నిలబడి చూడాలి. అది నావల్ల కాలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. సున్నం కలపలేదని అన్నాను కదా, ఎందుకో చెప్పలేదు. సున్నం కలిపితే మట్టి మీద తెల్లగా తేలుతుంది, దొరికిపోతాను. కలపకపోతే? ఉత్త మైలుతుత్తం లేత వేరును మాడ్చేస్తుంది. ఏళ్ళ తరబడి మందు కలిపిన చెయ్యి ఇది, నాకు తెలియదా? బూజును చంపడానికే పోశానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. నారును చంపడానికే పోశాను.

నారు పోయిన రోజు సాయంత్రం వరసంతా కుళాయి దగ్గర చేరింది. అందరి ఇళ్ళ విత్తనం పోయింది. మళ్ళీ పోసుకోవడానికి అదను దాటిపోయింది. యేసోబు అందరికీ దండం పెట్టాడు. తరవాత మా పెరట్లోకి వచ్చాడు. నేను సైకిలు చెయిన్‌కి నూనె వేస్తున్నాను. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా మరపు రాలేదు.

“బావా, ఒక మాట అడుగుతాను, కోపగించుకోవు గదా?” అన్నాడు.

“అడుగు.”

“ఆదివారం మేం సర్చికెల్లినప్పుడు మడికాడికి ఎవులైనా వచ్చినారేటి? నువ్వేటైనా సూసినావా?”

“నానేటి సూడనేదు. టీవీకాడ కూకున్నాను. ఏం?”

“ఏటి నేదు. ఇటుక మీద నీలంగా మరకుందని సంతోషం అంతాది. ఎవులో ఏటో పోసినారని దాని అనుమానం.”

నా చేతిలో నూనె డబ్బా ఉంది. దాన్ని కింద పెట్టలేదు. చెయిన్‌కి ఇంకో చుక్క వేశాను.

“సర్చికేసుకునే తెల్లబట్టలకి నీలిమందు పెడతారు గదా. ఆరేసినప్పుడు కారుంటాది,” అన్నాను.

“అంతే అయ్యుంటాది,” అన్నాడు యేసోబు. “తప్పు నాదే బావా. దాదా కొంచెమే కలపమన్నాడు. ఎక్కువైతే ఇంకా బాగుంటాదని నానే గుమ్మరించీసినాను. నీ మడి నీకుంటే ఈ గోలే నేకపోను.”

“పోన్లే. మడిసన్నాక పొరపాటు సెయ్యడేటి? నానేటి అనుకోను.”

“కుర్రోల్లు నీ పేరు కూడా అన్నారు బావా. నీకు కడుపుమంటని. నాను తిట్టినాను. మడికి పేనం పెట్టే మడిసి, ఆడెందుకు సేస్తాడని.”

అదీ మా మధ్య జరిగిన మాట. నేను పాడుచేసిన మనిషిని నేనే క్షమించి పంపాను. అతను కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

కాని ఒక మాట నా చెవిలో ఉండిపోయింది. కుర్రాళ్ళు నీ పేరు అన్నారు. మర్నాడు వర్క్‌షాపు టీ కొట్టు దగ్గర నలుగురూ ఇదే చెప్పుకుంటున్నారు. ఆదివారం ఎవరెక్కడ ఉన్నారని ఒకడు లెక్క తీస్తున్నాడు. టీవీకాడికి నువ్వు ఆలీసంగా వచ్చినావు గదా అని ఎవరైనా అంటే? నా మీదికి రాబోయే చూపును ఇంకొకవైపు తిప్పాలి. నవ్వుతూనే అన్నాను. “ఆ బూజు కలిపిన సేత్తోనే గదా, ఇంట్లో ఇడ్లీ పిండి కూడా కలిపేది.”

సంతోషమ్మ ఇడ్లీలు అమ్మేది. మొదటి షిఫ్టు సైరన్ కన్నా ముందే వాళ్ళ గుమ్మం ముందు పొయ్యి వెలిగేది. డ్యూటీకి వెళ్ళే మగవాళ్ళు సైకిలు గోడకు ఆనించి, నిలబడి తిని పోయేవాళ్ళు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సువార్త కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ చదువుతోంది. యేసోబు జీతం ఇంటికి, ఇడ్లీలు సువార్త చదువుకు. ఇది వరసలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ పిల్ల సెలవుల్లో వచ్చినప్పుడు మా అందరి నాడి పట్టుకుని చూసి, గడియారం లేకపోయినా గంభీరంగా తల ఊపేది.

ఆ టీ కొట్టు మాట సాయంత్రానికి వరసకు చేరింది. నేను అన్నది ఒక మాట, చేరింది ఇంకొకటి. పిండిలో పచ్చబూజు కనబడిందన్నారు. ఎవరికో కడుపులో నొప్పి వచ్చిందన్నారు. నారు మాడినట్టే పేగులు మాడతాయన్నారు. పులిసిన పిండి కదా, నమ్మడానికి ఎంతసేపు? వారం తిరిగేసరికి ఆ గుమ్మం ముందు సైకిళ్ళు ఆగడం మానేశాయి.

సంతోషమ్మ మొదట ఏడవలేదు. రుబ్బురోలు వీధి అరుగు మీదికి తెప్పించుకుంది. దారిన పోయేవాళ్ళంతా చూసేలా మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, అందరి ఎదుటా రుబ్బేది. పిండి గిన్నె మీద మూత కూడా పెట్టేది కాదు, ఎవరైనా తొంగి చూసుకుంటారని. ఎవరూ చూడలేదు. తలలు దించుకుని పోయారు. క్రిస్మస్‌కు ఆమె ఇంటింటికీ పంపిన పళ్ళేలు అందరూ నవ్వుతూ అందుకున్నారు. మర్నాడు కాలవలో అరిసెలు తేలాయి.

ఆ రోజుల్లో ఆ గుమ్మం ముందు ఆగినవాణ్ణి నేనొక్కణ్ణే.

రోజూ ఆగాను. సైకిలు గోడకు ఆనించి, అందరూ చూస్తుండగా, పళ్ళెం నిండా పెట్టించుకుని తిన్నాను. బూజు మీద ఏ పాపమూ లేదని, ఆ ఇడ్లీల్లో ఏ దోషమూ లేదని ఊరంతటిలో తెలిసినవాణ్ణి నేను కదా. భయం లేని తిండి తినడానికి ధైర్యం ఎందుకు? కాని చూసేవాళ్ళకు అది ధైర్యంలా కనబడింది. మనిషంటే ఆయన అన్నారు. మడి పోగొట్టుకున్నవాడే ముందు క్షమించాడన్నారు. చర్చి పాస్టరుగారు దారిలో ఆపి నా చెయ్యి పట్టుకుని, దేవుడు నిన్ను చూస్తున్నాడయ్యా అన్నాడు. నేను అలాగేనండీ అన్నాను. ఎందుకు తిన్నాను? ప్రాయశ్చిత్తం అనుకున్నానా? లేక ఎవరూ నన్ను అనుమానించకుండా అదొక తాళమా? రెండూ అయుండవచ్చు. ఏది ఎంత పాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నా తిండి ఒక్కటీ ఒక పిల్ల చదువుకు చాలదని మాత్రం తింటున్నప్పుడే తెలుసు.

సువార్త చదువు మధ్యలో ఇంటికి వచ్చేసింది. ట్రంకు పెట్టె రిక్షాలోంచి దించుతుంటే నేను సాయం పట్టాను. పెట్టె బరువు లేదు. యేసోబు ఇక ఆ సీసా జోలికి పోలేదు, హిజ్లీ వైపు కూడా పోలేదు. మంచి చెయ్యబోతే ఇలా అయిందని దాదాకు చెప్పడానికి ముఖం చెల్లలేదన్నాడు. మరుసటి ఏడు నారు నన్నే పొయ్యమన్నారు. పోశాను. సిగ్గు లేకుండా పళ్ళేల్లో కట్టలు పెట్టాను. అందులో సగం ఎప్పటిలాగే కుళ్ళి చచ్చింది. ఆ ఏడు ఎవరూ నన్నేమీ అనలేదు. మంచివాడని పేరు వచ్చింది కదా.

సంతోషమ్మకు తెలుసా? ఇదే నన్ను ఎక్కువగా తినేది. నీలిమందు మాట యేసోబు ఇంటికి వెళ్ళి చెప్పే ఉంటాడు. ఆమె తెల్లబట్టలు ముందువైపు తీగ మీద తప్ప ఎప్పుడూ మడివైపు ఆరెయ్యలేదని నాకు తరవాత తట్టింది. మరి ఆమెకు అప్పుడే తట్టి ఉండదా? ఒకసారి పళ్ళెం అందిస్తూ, “ఇంకా రెండెయ్యనా అన్నయ్యా, నువ్వే గదా తినాల,” అంది. మామూలుగానే అంది. ఆ మాటను నేను ఎన్నిసార్లు విప్పి చూశానో చెప్పలేను. జాలా? ఎత్తిపొడుపా? తెలిసే పెడుతోందా? అడిగే దారి లేదు. అడిగితే నేను ఒప్పుకున్నట్టే. ఆమె తొంభైల్లో గుండెజబ్బుతో పోయింది. శవపెట్టె మూత వేసేటప్పుడు కూడా నేను ఆమె ముఖాన్ని అనుమానంగానే చూశాను.

ఆ తరవాత కొంతకాలానికి గోల్ బజార్‌లో విత్తనాల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు ఒక పొట్లం చేతిలో పెట్టి, “ఖూబ్ భాలో జినిస్, దాదా,” అన్నాడు, చాలా మంచి సరుకని. వేరుకుళ్ళుకు మంచి మందు, మట్టిలో ఉండే బూజేనట, ఎరువులో కలిపి మగ్గబెట్టాలట. యేసోబు చెప్పిన మాటలే, గొప్పలు తీసేస్తే. పొట్లం విప్పి వాసన చూశాను. కొబ్బరి. అక్కడే బల్ల మీద కూర్చున్నాను. తరవాత ఏం చేశానో ఊహించండి. కొన్నాను. ఇంటికి తెచ్చి చెప్పినట్టే చేశాను. ఆ ఏడు నా వంగ మొక్క ఒక్కటి కూడా చావలేదు. కాయ కోసి ఇంటింటికీ పంచాను. అప్పటికి సుభాష్‌పల్లిలో అద్దె ఇంట్లో ఉంటున్న యేసోబుకు కూడా పంపాను. చాలా బాగున్నాయని కబురు చేశాడు.

కిందటి వానాకాలం నాకు జ్వరం ముదిరి, ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. సువార్త అక్కడ ఆయాగా చేస్తోంది. నీలం చీర కట్టుకుని, రోగుల గుడ్డలు మార్చి, గిన్నెలు ఎత్తి, నేల తుడుస్తుంది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నన్ను చూడగానే చీపురు గోడకు పెట్టి పరుగున వచ్చింది. మావయ్యా అంది. ఆ రోజుల్లో మా ఆవిడను రాత్రి ఉండనివ్వలేదు, తనే చూసుకుంటానంది. నా ఒళ్ళు తుడిచింది. నేను కక్కితే దోసిలి పట్టింది.

సెలైన్ పెట్టడానికి ఒక నర్సు వచ్చింది. సువార్తకు కూతురంత వయసు ఉంటుందేమో, తెల్లబట్టల్లో చిన్న పిల్ల. జ్వరం వణుకుకు నా చెయ్యి నిలవడం లేదు. సువార్త మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా ముంజేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కదలకుండా పట్టుకుంది. సూది ఆ పిల్ల చేతిలో ఉంది. నేను సూదివైపు చూడలేదు, పట్టుకున్న చేతులవైపు చూశాను. ఫినాయిల్‌కు వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి.

“జాగ్రత్తగా పొడువమ్మా,” అని హిందీలో ఆ పిల్లతో అంది. “ఈయన మా మావయ్య. ఊరంతా మా ఇంటి తిండి మానేసినప్పుడు, ఈయనొక్కరే తిన్నారు.”

ఆ పిల్ల నావైపు గౌరవంగా చూసింది. సూది దిగింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నొప్పనుకుని సువార్త నా నుదురు తడిమింది. అప్పుడు చెప్పాల్సింది. వార్డులో మంచాలన్నీ వింటాయేమో అనుకున్నాను, జ్వరం తగ్గాక చెబుదాం అనుకున్నాను. జ్వరం తగ్గింది. ఇంటికి వచ్చేశాను. చెప్పలేదు.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. నారు చచ్చింది యేసోబు బూజు ఎక్కువ కలిపినందుకు కాదు. దాదా ఇచ్చిన బూజు చెడ్డదీ కాదు. మైలుతుత్తం పోసింది నేను. టీ కొట్టు దగ్గర ఆ మాట అన్నది నేను. సువార్త చేతిలో ఉండాల్సిన సూదిని తీసేసింది నేను. యేసోబు ఇంకా బతికే ఉన్నాడు. సుభాష్‌పల్లి ఇక్కడికి సైకిలు మీద వెళ్ళేంత దూరమే. వెళతానా? వెళతానని రాస్తే మీరు నన్ను కొంచెం మంచిగా అనుకుంటారు, అందుకని రాయను. నా సంగతి నాకు తెలుసు.

ఈ నాలుగు మాటలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఒకసారి పైకి చదివాను, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని. నా నోట ఆ మాటలు వినడం ఇదే మొదలు. ఒంట్లో ఏదో సడలింది. దాన్ని కూడా నేను పూర్తిగా నమ్మడం లేదు. ఇంత చేసినవాడికి ఇంత తేలిగ్గా ఊపిరి ఆడుతుందా అని అనుమానం. కాని ఆడుతోంది.